బల్లెం పట్టినోడికి విగ్రహం, గడ్డి కోసినోడికి ఏది?

ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో ముగ్గురు సైనికుల విగ్రహాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సినాయి, పాలస్తీనా, సిరియాలలో పోరాడిన 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడుకు గుర్తుగా 1922లో వాటిని నిలబెట్టారు. ఒకటి మైసూరుది, ఒకటి జోధ్‌పూరుది, ఒకటి హైదరాబాదు లాన్సర్లది. 2018లో ఇజ్రాయిల్ ప్రధాని వచ్చినప్పుడు ఆ కూడలి పేరును తీన్‌మూర్తి హైఫా చౌక్‌గా మార్చారు. ‘మన హైదరాబాదు వీరులు’ అని గర్వపడమంటున్నవాళ్ళను మేము ఒక్కటే అడుగుతున్నాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాడల నుండి వచ్చి, ఇంట్ల మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటివాళ్ళు ఈ ‘మన’లో ఉన్నట్టా, లేనట్టా?

ముందు జరిగిందేమిటో చూద్దాం. హైదరాబాదు లాన్సర్లు 1914లో ఈజిప్టుకు పోయి సూయజ్ కాలువ కాపలాలో నిలబడ్డారు. తర్వాత పాలస్తీనాకు నడిచారు. కానీ 1918 సెప్టెంబరు 23న హైఫా మీద గుర్రాలు దూకించింది జోధ్‌పూరు, మైసూరు దళాలు. హైదరాబాదు దళం ఆ దాడిలో లేదు. ఈ మాట వాళ్ళను తక్కువ చేయడానికి చెప్తలేము. దాడిలో లేనివాళ్ళకు కూడా చరిత్ర విగ్రహం ఇవ్వగలిగింది. మరి ఆ దాడి నడవడానికి పనిచేసినవాళ్ళకు పేరు కూడా ఎందుకు ఇవ్వలేకపోయింది? మా పేచీ ఇదీ.

అధికారి జీవితం ఎట్లా రాస్తారో చూడండి. నిజాం సైన్యాధిపతి అఫ్సర్ ఉల్ ముల్క్, అసలు పేరు మీర్జా మహమ్మద్ అలీ బేగ్. హైదరాబాదు కంటింజెంటు అశ్విక దళంలో మొదలై అఫ్ఘాన్ యుద్ధం, 1900లో చైనా దండయాత్ర చూశాడు. ఎక్కడెక్కడ పనిచేశాడో, ఏ బిరుదులు వచ్చాయో అన్నీ దొరుకుతాయి. ఆయన గుర్రానికి దాణా పెట్టినవాడెవడు? నీళ్ళు మోసినవాడెవడు? ఆ వరుసలో వాళ్ళకు జాగా లేదు.

ఇది మరిచిపోయి వదిలేసింది కాదు. సైన్యం కట్టుబాటే అట్లుండేది. కంటింజెంటు గుర్రపు దళాలు సిల్లేదారి పద్ధతిలో నడిచాయి. సవారు గుర్రం, సామాను తానే సమకూర్చుకోవాలి, లేదా ‘అసామీ’ సొమ్ము కట్టాలి. సెంటు భూమి లేనోడు ఆ సొమ్ము ఏడికెళ్ళి తెస్తడు? అదే పద్ధతిలో మామూలుగా ఇద్దరు సవార్లకు కలిపి ఒక గడ్డి కోసేవాడు, ఒక తట్టు గుర్రం. అంటే గడ్డి కోసేవాడు లేకుండా దళమే లేదు. కానీ లెక్కలో అతడు సిపాయి కాదు, ‘ఫాలోయర్’. కంటింజెంటు 1903లో బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసింది. అందులోంచి వచ్చిన 20వ దక్కన్ హార్స్ ఫ్రాన్సు పోయింది. పేరులో దక్కను ఉంది, భర్తీ అయింది మాత్రం సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు. ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతానికి వర్ణ వ్యవస్థ కొత్తగా చెప్పాల్సిందేమీ లేకపోయింది.

మొదటి యుద్ధంలో ఇండియా నుండి ఐదున్నర లక్షలకు పైగా మనుషులు ఆయుధం లేని పనుల్లో చేరారు. సాయీసులు, భిస్తీలు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, పాకీవాళ్ళు, కూలీలు. అందరూ దళితులేనని మేము అనడం లేదు. కానీ ఎవరు నీళ్ళు మోయాలి, ఎవరు మలం ఎత్తాలి అన్నది దండులోనూ కులమే తేల్చింది. ఊరు దాటింది, సముద్రం దాటింది, వెలివాడ మాత్రం వెంటనే పోయింది.

మా ఊళ్ళకు ఇది కొత్త కాదు. గిర్దావరు దౌరాకొస్తే గుర్రానికి గడ్డి కోసుడు, మూటలు మోసుడు, గుర్రం ముందర ఉరుకుడు వెట్టిమాదిగల వంతు. చెప్పులు కుట్టి, తోలు సామాను చేసిచ్చినా పైసా లేదు. ఇది మతం లెక్క కాదు. ఊళ్ళల్ల ఈ వెట్టి చేయించుకున్న దొరలు ఎక్కువమంది హిందువులే. పైన నిజాం, కింద దొర, ఇద్దరి గుర్రమూ మా గడ్డే తిన్నది. హైదరాబాదు దళాల యుద్ధ ఖర్చుకు నిజాం 60 లక్షల రూపాయలిచ్చాడు. 1918లో ‘ఎగ్జాల్టెడ్ హైనెస్’ అయ్యాడు. ఖజానాలో పెద్ద భాగం భూమి శిస్తు. ఆ భూమిలో వంగిన నడుములెవరివో వేరే చెప్పాలా?

కొందరు మిత్రులు ఇంకో మాట అంటారు. మహర్లు కోరేగావ్‌ను తమదని చెప్పుకున్నట్టు మనమూ ఈ యుద్ధాన్ని మనదని చెప్పుకోవద్దా అని. 1927 జనవరి 1న అంబేడ్కర్ కోరేగావ్ స్తంభం దగ్గరికి పోయింది బ్రిటిష్ వాడిని పొగడడానికి కాదు. ఆ రాతి మీద మహర్ల పేర్లున్నాయి. పేర్లు చూపించి, సైన్యంలో మా దారి ఎందుకు మూసిండ్రని నిలదీయవచ్చు. మనకు ఆ రాయి కూడా లేదు. లేని బల్లెం చేతిలో పెట్టుకొని ఫోటో దిగితే అది మన చరిత్ర కాదు, మారువేషం. మన చేతిలో ఉన్నది కొడవలి, ఆరె, నీళ్ళతిత్తి. చెప్పుకోవాల్సింది ఆ పనిని.

వెట్టి ఈ తావుల్లో నిజాంతో పోలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రలో కూలీలు, రైతులు కదిలింది వెట్టి మీద, దొరతనం మీద. మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత ఇవే పల్లెల పిల్లలు గల్ఫు బాట పట్టిండ్రు, ఇంకా పోతనే ఉన్నరు. అరబ్బు ఎడారుల్లో ఇయ్యాల వీళ్ళు ఒంటెలు, గొర్లు కాస్తున్నరు, కట్టడాల్లో సున్నం మోస్తున్నరు.

అందుకే విద్యార్థి మిత్రులకు మా మనవి. దస్తావేజుల్లో అధికారుల పేర్ల కింద ‘ఫాలోయర్లు’ అని ఒక అంకె కనిపిస్తుంది. అక్కడ ఆగండి. ఆ పత్రం పట్టుకొని వాడకు రండి, ముసలోళ్ళను అడగండి, గుర్రం ముందర ఎవలు ఉరికిండ్రో రాసుకోండి. తీన్‌మూర్తిలో నాలుగో విగ్రహం పెట్టమని మేము అడగడం లేదు. ఆ అంకెను మనుషులుగా రాయమని అడుగుతున్నాం.