కాలి వేలు చూచి కోడలిని ఎంచుట



మన సంఘములలో పెండ్లి కుదుర్చుకొనునప్పుడు పంచాంగము చూడము, జాతకములు కలుపము. ఈ మాట కొంత గర్వముగానే చెప్పుకొందుము. అయితే పెండ్లిచూపులనాడు పిల్ల కాఫీ పళ్ళెము పట్టుకొని వచ్చునప్పుడు పెండ్లికొడుకు మేనత్త కన్ను ఎక్కడ నిలుచునో ఎప్పుడైనను గమనించితిరా? ముఖము మీద కాదు, కాళ్ళ మీద. ఇంటికి పోయిన తరువాత ఆమె మెల్లగా, "పిల్ల బాగానే ఉందిగానీ వదినా, బొటనవేలికంటే పక్కవేలు పొడుగు. మొగుణ్ణి నోరెత్తనివ్వదు" అనును. సంబంధము అక్కడితో ఆగిపోవును. ఎందుకు ఆగెనో పిల్ల తండ్రికి ఎవరును చెప్పరు.

ఆ మేనత్త ఏ శాస్త్రమును చదువలేదు. అయినను ఆమె మాటకు వెనుక పుస్తకమున్నది. నేడు ఆ పుస్తకమునే తెరచి చూతము. తెరువకుండ తిట్టుట న్యాయము కాదు.

శరీరలక్షణములను బట్టి మనుష్యుని గుణమును, భాగ్యమును, ఆయుస్సును చెప్పు విద్యకు సాముద్రికమని పేరు. గరుడ పురాణములో అది కొంత కలదు. క్రీ.శ. 6వ శతాబ్దములో ఉజ్జయిని ప్రాంతమువాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో పురుష లక్షణములకు ఒక అధ్యాయమును, కన్యా లక్షణములకు వేరొక అధ్యాయమును కేటాయించెను. మన తీర్థములలోను బస్సు స్టాండులలోను చవకగా దొరకు పుట్టుమచ్చల పుస్తకములు ఈ పాత సరుకునే చిల్లరగా అమ్ముచున్నవి. చిటికెనవేలు గాని దాని పక్కవేలు గాని నేలకు తగలని స్త్రీయు, బొటనవేలిని మించి పక్కవేలు సాగిన స్త్రీయు నడత చెడినవారని ఆ కన్యా లక్షణములలో ఉన్నది. మేనత్త చూపుకు మూలము అదే. పదునాలుగు వందల ఏండ్లు నడచి మన అరుగు మీదికి వచ్చి కూర్చున్నది.

పురుషుల పాదములను గూర్చి ఆయన చెప్పినది ఇంకను విచిత్రము. చెమట పట్టక, మెత్తనై, తామరపూవు లోపలి రంగు గలిగి, వేళ్ళు ఒకదానికొకటి చేరి, నరములు పైకి కనబడక, తాబేటి వీపువలె ఎత్తుగా నుండు పాదములు రాజువి. చేటవలె వెడల్పై, గరుకై, గోళ్ళు పాలిపోయి, నరములు తేలి, ఎండిపోయి, వేళ్ళు ఎడమెడముగా నుండు పాదములు దారిద్ర్యమును దుఃఖమును తెచ్చునట.

ఊడ్పుల వేళ ధవళేశ్వరము ఆనకట్ట నీరు పారు ఏ చేనికైనను పోయి చూడుడు. బురదలో వంగి, వెనుకకు అడుగులు వేయుచు నాట్లు వేయు ఆ అక్కచెల్లెండ్ర పాదములు ఎట్లుండును? జారకుండ పట్టు దొరుకుటకు వేళ్ళు విడివడును. నీళ్ళలో నానిన గోళ్ళు పాలిపోవును. మడమలు పగులును. మోతబరువుకు నరములు తేలును. వరాహమిహిరుడు చెప్పిన దరిద్రుని పాదము అక్షరము తప్పకుండ అక్కడ కనబడును. చూచినది సరిగానే చూచెను; చెప్పినది తలక్రిందులుగా చెప్పెను. ఆ పాదము బీదరికమును తేలేదు, బీదరికమే ఆ పాదమును అట్లు చేసినది. మెత్తని పాదము రాజ్యమును తెచ్చెనా, లేక పల్లకీ దిగకుండుట వలన పాదము మెత్తబడెనా? దీనికి శాస్త్రియే కానక్కరలేదు, కావడి మోసిన ఎవరైనను జవాబు చెప్పగలరు.

మరియొక సంగతి కూడ తలంచుడి. ఒకప్పుడు మన తాత ముత్తాతలలో అనేకులు పెద్దవీధిలో చెప్పులు తొడిగికొని నడువకూడదు. ఆ చెప్పులను కుట్టినది వారే, తొడుగకూడనిదియు వారే. అట్టి పాదమును చూచి, "ఇది తక్కువ గుణము గలవాని కాలు" అని చెప్పుట లక్షణ జ్ఞానమా? నాకైతే అది ఎవరికి చెప్పులున్నవో ఎవరికి లేవో వ్రాసిపెట్టిన లెక్కవలె కనబడుచున్నది.

శరీరము ఏమియు చెప్పదని నేననుట లేదు. డాక్టరు కనురెప్ప తిప్పి చూచి రక్తహీనత ఉన్నదనును. కన్ను పచ్చబడితే కామెర్లనును. మన డెల్టాలో బోదకాలు తెలియనివారెవరు? కాలు ఉబ్బి స్తంభమువలె నగును. దానిని పూర్వజన్మ పాపమని చెప్పినవారు కలరు, దుర్లక్షణమని పెండ్లిండ్లు మానినవారు కలరు. నిల్వయున్న మురుగునీటిలో పెరుగు క్యూలెక్సు దోమ కాటుతో సన్నని పురుగు ఒంటిలో చేరుటయే దానికి కారణము. దోమకును ఈ రోగమునకును గల సంబంధమును పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు 1877లో చైనాలో కనుగొనెను. ఆ కాలు మురుగుకాలువను గూర్చి సాక్ష్యమిచ్చునే గాని ఆ మనుష్యుని హృదయమును గూర్చి కాదు.

ఈ తలక్రిందుల చదువునకు అందరికంటె ఎక్కువ వెల చెల్లించినవారు విధవలు. ఊహ తెలియని వయస్సులో పెండ్లిచేసిన పిల్ల భర్త కలరా చేతనో మశూచి చేతనో చనిపోయినప్పుడు, జనులు నీటిని శోధింపలేదు. పిల్ల నొసటిని, నడకను, కాలివేళ్ళను శోధించిరి. "మొగుణ్ణి మింగింది" అనిరి. ఆ తరువాత ఆమె ముఖమే అపశకునమాయెను. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహము జరిపించినది ఇట్టి చూపునకు ఎదురు నిలిచియే. 1874లో ఆరంభించిన వివేకవర్ధని పత్రికలో ఆయన మూఢనమ్మకముల మీద వ్రాసినది ఎంతో కలదు. కాని ఆ ఒక్క పెండ్లి పందిరి అంతకంటె గట్టిగా మాటలాడెను. అయినను నేటికిని, "పొద్దున్నే ఎవరి మొహం చూశానో!" అను మాట మన నోట మానలేదు. ఆదివారమునాడు ఆరాధనకు పోవు దారిలో కూడ విన్నాను.

ఇది అన్యుల అజ్ఞానమని చెప్పి చేతులు కడుగుకొనుటకు వీలులేదు. ఐరోపాలో ముఖము చూచి గుణము చెప్పు విద్యకు గొప్ప ప్రచారము తెచ్చినవాడు ఒక పాదిరిగారే. జ్యూరిచ్ నగరపు లావాటరు 1775 మొదలు 1778 వరకు నాలుగు పెద్ద సంపుటములు వ్రాసెను. దేవుడు మనుష్యుని తన పోలికగా చేసెను గనుక ముఖములో ఆత్మ కనబడవలెనని ఆయన భావన. భక్తితోనే వ్రాసెను, సందేహము లేదు. ఫలమేమి? 1831లో బీగిల్ అను ఓడ కెప్టెను ఫిట్జ్‌రాయి ఆ బోధను నమ్మినవాడగుటచే, తనతో రాదలచిన చార్లెసు డార్విను ముక్కు చూచి, ఇట్టి ముక్కువానికి పట్టుదల యుండదని తీసికొనక మానబోయెను. ఆ ముక్కు గలవాడు దాదాపు ఐదేండ్లు ఆ ఓడలోనే తిరిగి, తరువాత ఇరువది ఏండ్లకు పైగా ఒకే విషయమును విడువక శోధించెను.

ముక్కు కొలతలు మన దేశములోనికి కూడ వచ్చినవి. మద్రాసు మ్యూజియము అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కులముల వారీగా జనుల తలలను, ముక్కులను కొలిచి, 1909లో ఏడు సంపుటములు ప్రచురించెను. ముఖము చూచి గుణము చెప్పుటకును, పుట్టుక చూచి గుణము చెప్పుటకును నడుమ ఒక్క అడుగే దూరము. ఆ అడుగును ప్రభుత్వము చట్టముగా అప్పటికే వేసియుండెను. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని విస్తరించెను. ఎరుకలవారు దాని క్రిందికి వచ్చిరి. ఆలోచించుడి: ఎరుకలసాని బుట్టతోను కర్రతోను వాకిట నిలిచి మన చేయి చూచి భవిష్యత్తు చెప్పెడిది. ఆమె కులమువారి వ్రేలిముద్రలు తీసికొని, "వీరు దొంగలు" అని సర్కారు భవిష్యత్తు చెప్పినది. చేయి చూచు విద్య ఇద్దరిలో ఎవరిది ఎక్కువ క్రూరము?

ఆ చట్టము క్రింద ఏర్పడిన సెటిల్మెంట్లను నడిపినవారిలో మనవారు ఉండిరి. స్టువార్టుపురమును 1913లో సాల్వేషన్ ఆర్మీవారు, కావలిలోని దానిని అమెరికన్ బాప్టిస్టు మిషనువారు నిర్వహించిరి. బడులు పెట్టిరి, పనులు నేర్పిరి, భూమి ఇప్పించిరి; ఆ మేలు కాదనను. కాని పాలు త్రాగు బిడ్డయు దొంగగానే పుట్టెనని చెప్పు చట్టమునకు వారు కాపలాదారులైరి. చట్టము 1952లో రద్దయ్యెను. స్టువార్టుపురము పేరు చెప్పగానే నవ్వు ముఖము పెట్టువారు నేటికిని మన బెంచీలలోనే కూర్చుందురు.

"లేవీయకాండము 21వ అధ్యాయములో అంగహీనుడు బలిపీఠము సమీపింపరాదని లేదా?" అని మీలో ఒకరు అడుగవచ్చును. ఉన్నది. అయితే అతడు దుర్మార్గుడని అక్కడ లేదు. అతడు పరిశుద్ధమైన ఆహారము తినవచ్చునని అదే చోట ఉన్నది. యెష్షయి ఇంటిలో సమూయేలు ప్రవక్త ఏలీయాబు ఎత్తును చూచి తొందరపడిన సంగతి మీకు తెలిసినదే. ప్రవక్తయే పొరబడినచోట మేనత్తను మాత్రము ఏమనగలము? దావీదు కూడ అందగాడేనని ఆ అధ్యాయము దాచలేదు. అందమునకు దేవుడు విరోధి కాడు, దానిని సాక్షిగా పిలువలేదు, అంతే.

ఇంత త్వరగా మనమెందుకు నమ్ముదుము? అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమువారు 2006లో ప్రచురించిన పరిశోధనలో, క్రొత్త ముఖమును సెకనులో పదవ వంతు చూచినంతనే మనుష్యులు "వీడు నమ్మదగినవాడు, వీడు కాడు" అని తేల్చుకొందురని తెలిసినది. ఎక్కువ సమయమిచ్చినను ఆ తీర్పు పెద్దగా మారలేదు, దానిమీద ధైర్యము మాత్రము పెరిగెను. మేనత్త శాస్త్రమును నమ్ముట లేదు. ముందే తేల్చుకొని, తరువాత కాలివేలిని సాక్షిగా తెచ్చుకొనుచున్నది.

ఆ సాక్షి ఎంత గట్టివాడో చూడుడి. పక్కవేలు పొడవని వద్దన్న సంబంధమునకే, పిల్ల తండ్రి ఇంకొక ఎకరము వ్రాయుదునన్నచో ఏమగును? వేలు పొట్టిది కాదు, అభ్యంతరము పొట్టిదగును. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది గనుక ఎకరము మాట బహిరంగముగా అనరు. "లక్షణం కొంచెం..." అని సణుగుటలో ఆ బేరమంతయు ఇమిడియున్నది. మగపిల్లవానికి ఇట్టి పరీక్ష ఉన్నదా? కాపీనము విప్పి పాదలక్షణములు చూచువారు లేరు. వరాహమిహిరుడు పురుషులకు అధ్యాయము వ్రాసినను దానిని మాత్రము మనము మరచితిమి.

పెండ్లికొడుకును గూర్చి నిజముగా తెలిసికొనగోరువారు ఆ ఊరి కిరాణా కొట్టువానిని అడుగుడి. బాకీల సంగతి అతనికి తెలియును. అతని క్రింద పనిచేయు కూలీని అడుగుడి. శనివారము కూలి డబ్బు చేతికి వచ్చునో లేదో చెప్పును. వాని తల్లి జబ్బుపడినప్పుడు రాజమండ్రి ఆసుపత్రిలో రాత్రి ఎవరు కూర్చుండిరో పొరుగింటామెను అడుగుడి. పిల్లవైపువారు అడుగుటకు సిగ్గుపడినచో, ఆ మేనత్తనే పంపుడి. ఆమెకు చూచు కన్ను ఉన్నది, అడుగు నోరును ఉన్నది.