సముద్రం దాటిన కుట్టు: కరోలినా తీరపు గడ్డి బుట్టలు

అమెరికాలోని దక్షిణ కరోలినా, జార్జియా రాష్ట్రాల అట్లాంటిక్ తీరం వెంట ఉప్పుటేర్లు, బురదనేలలు, చిన్న దీవులు కలగలిసిన పల్లపు ప్రాంతానికి లోకంట్రీ అని పేరు. అక్కడి ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలు మూడు వందల ఏళ్లకు పైగా గడ్డితో బుట్టలు చేస్తున్నాయి. ఈ బుట్టల్లో పడుగు, పేక ఉండవు. గడ్డిని పాయగా చేర్చి గుండ్రంగా చుట్టుకుంటూ పోతారు. ప్రతి వరసనూ దాని కింది వరసకు ఆకు పీలికతో కుడతారు. ఆఫ్రికా పడమటి తీరంలో సెనెగల్ నుంచి అంగోలా దాకా ఇలాంటి చుట్టబుట్టలు కనిపిస్తాయి. గల్లా అనీ, గీచీ అనీ పిలిచే ఈ తీరవాసుల పూర్వీకులను ఆ నేలల నుంచే బానిసలుగా ఓడలెక్కించారు. సొంత సామానంటూ ఏదీ వారి వెంట రాలేదు. చేతులకు తెలిసిన పని మాత్రం వచ్చింది.

ఆ పని అమెరికాలో నిలవడానికి కారణం వరి. 17వ శతాబ్దం చివరికి ఇంగ్లిష్ వలసదారులు కరోలినాలో వరి సాగు మొదలుపెట్టారు. వారి సొంత దేశంలో ఆ పంటే లేదు. పశ్చిమాఫ్రికాలో మాత్రం నైజర్ నది లోతట్టు డెల్టా ప్రాంతంలో ఆఫ్రికాకే చెందిన వరి జాతిని సుమారు మూడు వేల ఏళ్ల కిందటే సాగులోకి తెచ్చారు. మడికి గట్టు కట్టడం, ఆటుపోట్ల నీటిని అదుపులో పెట్టడం, రోట్లో వడ్లు దంచడం, చెరగడం గాంబియా నుంచి సియెర్రా లియోన్ దాకా తీరప్రాంత రైతులకు తెలిసిన పనులు. 1708 నాటికే కరోలినాలో నల్లవారి సంఖ్య తెల్లవారిని మించింది. ఉత్తర అమెరికాకు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లలో దాదాపు 40 శాతం మంది దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ రేవు గుండానే దిగారని అంచనా. ఆ నగరంలోని పెద్ద పెద్ద మేడలు వరి డబ్బుతో లేచినవే.

బానిసలతో వరి పండించిన ఆ ప్లాంటేషన్ తోటల్లో మొదట చేసినవన్నీ పని బుట్టలు. వాటిలో ముఖ్యమైనది ఫానర్. వెడల్పు సుమారు రెండడుగులు, అంచు పొట్టి. దంచిన వడ్లను అందులో పోసి ఎగరేస్తే ఊక గాలికి పోయి గింజ మిగిలేది. తెలుగు ఇళ్లలో వెదురు చేట చేసే పనే ఇది. చేటకు ఒక పక్క తెరిచి ఉంటుంది, ఫానర్‌కు చుట్టూ అంచు ఉంటుంది. ఉప్పుబురదలో పెరిగే మొనదేలిన బుల్‌రష్ గడ్డిని, తెల్ల ఓక్ చీలికలతోనో, తాటి జాతికి చెందిన పామెట్టో కాడ నుంచి చీల్చిన నారతోనో కుట్టి మగవాళ్లు వీటిని చేసేవారు. ధాన్యపు గంపలు, కూరగాయల బుట్టలు కూడా అలాగే చేసేవారు. ఫానర్ లేకపోతే బియ్యం లేదు. అయినా తోట యజమానుల ఆస్తి జాబితాల్లో ఫానర్లు ఎలా లెక్కకెక్కాయో, వాటిని చేసిన మనుషులూ అలాగే ఆస్తిగా లెక్కకెక్కారు.

వరి విద్యలో ఆఫ్రికన్ల వాటా ఎంత అన్నది చరిత్రకారుల మధ్య పెద్ద వాదన. పీటర్ వుడ్ 1974లోనూ, జుడిత్ కార్నీ 2001లోనూ అది చాలా ఎక్కువని వాదించారు. అంత లేదని తరువాత మరికొందరు బానిస ఓడల లెక్కలు ముందుపెట్టి ఎదురు వాదించారు. బుట్ట విషయంలో ఇంత సందేహానికి తావు లేదు. ఆ ప్రాంతపు మూలవాసులు చీల్చిన నదీ వెదురును అడ్డంగా నిలువుగా అల్లేవారు. వారి బుట్టల పద్ధతి వేరు. యూరోపియన్ల బుట్టల్లో చుట్ట కుట్టు ఉన్నా, ఈ చెరిగే పళ్లెం వారి పొలాలది కాదు. అలాగని ఈ బుట్ట ఫలానా తెగదేనని ఒక్కరికే అంటగట్టడం తగదు. సెనెగాంబియా చేతులూ, కాంగో–అంగోలా చేతులూ ఒకే తోటలో పక్కపక్కన పనిచేశాయి. అక్కడ పుట్టింది అందరి పనీ కలిసిన కొత్త సంప్రదాయం.

ఇప్పటి బుట్టకు ప్రాణం స్వీట్‌గ్రాస్. సముద్రపు ఇసుకదిబ్బల వెనుక, బురదనేలల అంచుల్లో కుదుళ్లుగా పెరిగే సన్నని, పొడవాటి గడ్డి ఇది. ఎండితే తాజా ఎండుగడ్డి వాసన వేస్తుంది, బుట్ట అయ్యాక కూడా చాలాకాలం ఆ వాసన పోదు. దీన్ని కొడవలితో కోయరు. కుదురును కాలితో అదిమిపట్టి, గుప్పెడు గుప్పెడుగా చేత్తో లాగుతారు. పోచ వస్తుంది, వేరు నేలలోనే ఉంటుంది, మళ్లీ చిగురిస్తుంది. వసంతం నుంచి వేసవి దాకా సాగే ఈ పనిలో పాముల భయం, దోమల బాధ తప్పవు. తెచ్చిన గడ్డిని కొన్నాళ్లు ఆరబెడితే ఆకుపచ్చ రంగు పోయి లేత బంగారు వన్నెకు తిరుగుతుంది.

మిగతా సామగ్రి కూడా చుట్టుపక్కల దొరికేదే. లాంగ్‌లీఫ్ పైన్ చెట్టు కింద రాలిన పొడవాటి సూది ఆకులు ముదురు గోధుమ రంగు గీతలకు పనికొస్తాయి. బుల్‌రష్ బలానికి, పెద్ద బుట్టలకు అది లేనిదే గోడ నిలవదు. కుట్టడానికి దారం పామెట్టో చెట్టు లేత ఆకు. దాన్ని పావు అంగుళం కన్నా సన్నగా పీలికలు చీలుస్తారు. రంగులు అద్దరు. బుట్ట మీద కనిపించే వన్నెలన్నీ గడ్డివే.

పనిముట్టు ఒక్కటే: నెయిల్‌బోన్. గిన్నె భాగం విరగ్గొట్టి, కాడ కొసను అరగదీసిన పాత చెంచా అది. అంతకుముందు పశువుల పక్కటెముకను చెక్కి వాడేవారు, సాగగొట్టిన మేకులూ వాడారు. గుప్పెడు పోచలతో ముడి వేయడంతో బుట్ట మొదలవుతుంది. ఆ ముడి చుట్టూ పాయను తిప్పి, నెయిల్‌బోన్‌తో కింది వరసలో సందు చేసి, పామెట్టో పీలికను దూర్చి బిగించి లాగుతారు. మళ్లీ సందు, మళ్లీ పీలిక. పాయ సన్నబడుతున్నట్టు వేలికి తెలియగానే మధ్యలో కొత్త పోచలు జొనుపుతారు. ఎక్కడ జొనిపారో కంటికి తెలియకూడదు. చుట్టు పెరిగేకొద్దీ కుట్లు దూరమవుతాయి కాబట్టి మధ్యలో అదనపు కుట్లు చేర్చాలి. అవి క్రమంగా పడితే ముడి నుంచి అంచు దాకా కిరణాల్లాంటి గీతలు ఏర్పడతాయి. పని తెలిసినవారు బుట్ట చూసేటప్పుడు మొదట చూసేది ఈ గీతలే. పాయ మందం ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా ఉందా, కుట్టు వదులైందా అన్నది తరువాత చూస్తారు.

అచ్చు లేదు, కాగితం మీద గీత లేదు. పాయను కింది వరస పక్కన పెడితే అడుగు వెడల్పవుతుంది, దాని మీద పెడితే గోడ లేస్తుంది, కొంచెం లోపలికి జరిపితే మెడ సన్నబడుతుంది. ఆకారమంతా ఆ వేలి వంపులోనే ఉంది. అందుకే ఈ పనిని పుస్తకం చూసి నేర్చుకున్నవారు తక్కువ. అమ్మమ్మ ఒడి పక్కన కూర్చుని, ఆమె మొదలుపెట్టి ఇచ్చిన ముడిని సాగదీస్తూ నేర్చుకున్నవారే ఎక్కువ. చిన్న రొట్టెబుట్టకు కూడా గంటల తరబడి పని పడుతుంది. పెద్దవాటికి నెలలు పడతాయి.

అంతర్యుద్ధంతో బానిసత్వం పోయింది. లూసియానా, అర్కాన్సాస్ రాష్ట్రాల్లో యంత్రాలతో పండే వరి పోటీకి రావడం, 1893, 1911 తుఫానులు గట్లను తెంచడం, కూలి పనికి మనుషులు దొరకకపోవడంతో 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కరోలినా వరి వ్యాపారం ముగిసింది. చెరగడానికి వడ్లు లేనప్పుడు ఫానర్‌తో పని లేదు. దక్షిణ కరోలినా తీరంలోని సెయింట్ హెలీనా దీవిలో 1862లో విముక్తుల కోసం మొదలైన పెన్ స్కూల్ బుట్టల పనిని పాఠంగా పెట్టి మగపిల్లలకు నేర్పింది, కానీ అక్కడ అది చివరకు సన్నగిల్లింది. పాఠం పెట్టని చోట, చార్లెస్టన్‌కు నదికి ఆవలి ఒడ్డున ఉన్న మౌంట్ ప్లెజెంట్‌లో, అది బతికింది. అక్కడి కుటుంబాల స్త్రీలు మెత్తని స్వీట్‌గ్రాస్‌తో అలంకారపు బుట్టలు కుట్టేవారు: కుట్టుసామాను పెట్టెలు, పూలసజ్జలు, రొట్టెబుట్టలు, మూత ఉన్న బుట్టలు. చార్లెస్టన్ వ్యాపారి క్లారెన్స్ లెగర్టన్ 1916 నుంచి వాటిని టోకున కొని బయటి నగరాలకు పంపాడు. 1929లో కూపర్ నది మీద వంతెన పడింది, హైవే 17 మీద పర్యాటకుల కార్లు పెరిగాయి. స్త్రీలు రోడ్డు పక్కన కర్రలు పాతి, మేకులకు బుట్టలు తగిలించి నేరుగా అమ్మడం మొదలుపెట్టారు. మధ్యవర్తి పోయాడు. ఏ ఆకారం నచ్చుతోందో కొనేవాడి ముఖంలోనే తెలిసింది. ఇప్పటి బుట్టల వైవిధ్యానికి పునాది ఆ రోడ్డు పక్క బడ్డీలే. వాటిని పర్యాటక వ్యాపారమని తీసిపారేయడం తప్పు. సంప్రదాయాన్ని మ్యూజియంల కన్నా ముందు కాపాడినవి అవే.

మ్యూజియంలు ఆలస్యంగానే అయినా వచ్చాయి. 1984లో మేరీ జేన్ మానిగాల్ట్‌కు అమెరికా ప్రభుత్వ కళల సంస్థ జాతీయ వారసత్వ ఫెలోషిప్ ఇచ్చింది. 1945లో మౌంట్ ప్లెజెంట్‌లో పుట్టిన మేరీ జాక్సన్ నాలుగేళ్ల వయసులో తల్లి, అమ్మమ్మల దగ్గర పని నేర్చుకున్నారు. కొన్నేళ్లు న్యూయార్క్‌లో ఉద్యోగం చేసి చార్లెస్టన్ తిరిగివచ్చాక బుట్టలనే వృత్తిగా చేసుకున్నారు. పాత ఫానర్‌ను, పాత గంపను ఆమె వదల్లేదు, వాటి గీతనే పట్టుకుని ముందుకు తీసుకెళ్లారు. అంచు దాటి పైకి లేచి విల్లులా వంగే పిడులు, ఎక్కడా అతుకు కనిపించని పలచని గోడలు ఆమె ముద్ర. 2008లో ఆమెకు మకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. తరతరాలుగా చాలావరకు తయారీదారు పేరు లేకుండా వచ్చిన బుట్ట, ఆమెతో ఒక డిజైనర్ సంతకం ఉన్న వస్తువైంది. ఆమె సాధించిన వాటిలో ఇదే పెద్దది.

అవతలి ఒడ్డున కూడా పద్ధతి ఆగిపోలేదు. సెనెగల్‌లో వోలోఫ్ స్త్రీలు అదే చుట్ట కుట్టును ఇప్పుడు తాటి జాతి ఆకుతో కాక, చాపల తయారీలో వాడే ప్లాస్టిక్ పట్టీలతో కుడుతున్నారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ పట్టీల మధ్య గడ్డి తొంగిచూస్తుంది. రువాండాలో శంఖాకారపు మూత ఉండే అగసెకె బుట్టలను 1994 మారణహోమం తరువాత రెండు వర్గాల స్త్రీలూ కలిసి కూర్చుని కుట్టారు. 2005 నుంచి అవి అమెరికాలోని మేసీస్ దుకాణాలకు చేరాయి. చికాగోలో పుట్టిన ఆఫ్రికన్ అమెరికన్ డిజైనర్ స్టీఫెన్ బర్క్స్ సెనెగల్ బుట్టల పనివారితో కలిసి, ఆ కుట్టుతోనే దీపాలు, అరలు తయారుచేయించి 2011లో హార్లెమ్ స్టూడియో మ్యూజియంలో ప్రదర్శించాడు. వాషింగ్టన్‌లో 2016లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియంలో ఈ రెండు తీరాల సంబంధం మరో రూపంలో ఉంది. వాస్తుశిల్పి డేవిడ్ అడ్జాయే దాని ఆకారాన్ని యొరుబా శిల్పపు కిరీటం నుంచి, పైపొర జాలీని చార్లెస్టన్, న్యూ ఓర్లీన్స్‌లలో నల్లజాతి కమ్మరులు చేసిన ఇనుప పని నుంచి తీసుకున్నాడు.

ఈ రాకపోకల్లో మనుషులు కలుసుకున్న సందర్భమూ ఉంది. సియెర్రా లియోన్ అధ్యక్షుడు జోసెఫ్ మోమో 1988లో సెయింట్ హెలీనా దీవికి వచ్చి గల్లా ప్రజలను కలిశాడు. మరుసటి ఏడాది గల్లా బృందం ఒకటి సియెర్రా లియోన్ వెళ్లింది. 2008లో చార్లెస్టన్‌లో మొదలైన గ్రాస్ రూట్స్ ప్రదర్శన రెండు ఖండాల బుట్టలను ఒకే గదిలో పక్కపక్కన పెట్టింది.

ఈ పనికి ఇప్పుడున్న ముప్పు నేర్చుకునేవారు లేకపోవడం ఒక్కటే కాదు. అంతకన్నా పెద్దది నేల. 20వ శతాబ్దం రెండో సగంలో కియావా వంటి దీవుల్లో రిసార్టులు, గేటెడ్ కాలనీలు లేచాయి. తరతరాలుగా గడ్డి లాగిన దిబ్బలకు కాపలా గేట్లు అడ్డొచ్చాయి. వీలునామా లేకుండా వారసులందరి ఉమ్మడిగా సాగిన గల్లా కుటుంబాల భూమి, ఒక్క వాటాదారు అమ్మినా కోర్టు ద్వారా మొత్తం అమ్మకానికి పోయే పరిస్థితి. హైవే 17 వెడల్పయ్యేకొద్దీ బడ్డీలు వెనక్కి జరిగాయి. కొందరు గడ్డి కోసం జార్జియా, ఫ్లోరిడా దాకా వెళ్తున్నారు. 1990ల్లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్వీట్‌గ్రాస్‌ను పొలంలో నాటి పెంచి చూశారు, అది పెరిగింది. దక్షిణ కరోలినా 2006లో ఈ బుట్టను రాష్ట్ర అధికారిక హస్తకళగా ప్రకటించింది. బిరుదు మంచిదే. గడ్డి లాగుకునే చోటు దక్కితేనే ఈ పని నిలుస్తుంది.

షార్లెట్, అట్లాంటా నగరాల్లో స్థిరపడిన తెలుగువారికి చార్లెస్టన్ కొన్ని గంటల కారు ప్రయాణం. అటు వెళ్లినవారు మౌంట్ ప్లెజెంట్‌లో హైవే 17 పక్కన బడ్డీ కనిపిస్తే ఆగాలి. కుట్టిన మనిషి చాలాసార్లు అక్కడే కూర్చుని మరో బుట్ట కుడుతూ ఉంటుంది. ఆమె పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ అడగాలి. అడుగు ముడి నుంచి కుట్ల గీతలు చూడాలి. గంటల పనికి చెప్పిన ధర దగ్గర బేరం పెట్టకుండా కొనాలి.