పాత ఆటలు, కొత్త తొడుగులు

1957లో వెలువడిన ‘మాయాబజార్’ చిత్రమునకు 2010లో కంప్యూటరు సాయముతో రంగులద్ది మరల విడుదల చేసినపుడు మా యింట రెండు పక్షములేర్పడినవి. విందు దృశ్యము రంగులలో చూడ ముచ్చటగా నున్నదని పిల్లలు, మార్కస్ బార్ట్లీ వెలుగునీడలతో సాధించిన సొంపు రంగుల క్రింద మరుగుపడినదని పెద్దలు. వాదము తెగలేదు గాని, ఒక్క విషయమున ఇరుపక్షములకును భేదము లేదు. రంగులద్దినంత మాత్రమున ఘటోత్కచుడు చేయు పనులు మారలేదు. ప్రేక్షకుడు చూచుటే గాని, కథలో వ్రేలు పెట్టుటకు వీలు లేదు గదా!

వీడియో ఆటల విషయము ఇంత సులభముగా తేలదు. అక్కడ చూచువాడే పాత్రధారి. ఒక్క నియమము మార్చినచో అతడు చేయు పని మారును; పని మారినచో అనుభవమే మారును. పాత రోల్ ప్లేయింగ్ ఆటలను నేటి యంత్రములకు అనువుగా తిరిగి నిర్మించి అమ్ముట ఈ కాలమున పెద్ద వ్యాపారమైనది. వానిపై వచ్చు సమీక్షలలో బొమ్మలు బాగున్నవా, సంగీతము బాగున్నదా అను ప్రశ్నలే ఎక్కువగా కనబడును. అడుగవలసిన ప్రశ్న మరియొకటి యని నా అభిప్రాయము. పాత ఆటలోని లక్షణములలో యంత్రపు పేదరికము వలన పుట్టినవి అనేకము కలవు. యంత్రము సంపన్నమైన తరువాత వానిలో దేనిని వదలవలెను? దేనిని నిలుపుకొనవలెను?

రోల్ ప్లేయింగ్ ఆట యనగా ఏమో ముందు చెప్పుకొందము. ఇందులో ఆటగాడు ఒక వీరుని పాత్ర ధరించి, ఊరూర తిరిగి, జనులతో మాటలాడి, భూతములతో పోరాడి, క్రమముగా బలవంతుడగును. వీరుని ఆయువు, బలము, అనుభవము అన్నియు అంకెలే. చేతి చురుకుకంటె ఆలోచించి నిర్ణయించుట ఇందు ముఖ్యము. ఈ జాతికి మూలపురుషులలో ఒకటి 1981లో ఆపిల్-2 కంప్యూటరుకొరకు అమెరికాలో వెలువడిన ‘విజార్డ్రీ’. దానిని చూచి ముచ్చటపడిన జపానువారు యూజీ హోరీ, కోయిచి నకమురా. వారు 1986 మే నెలలో ‘డ్రాగన్ క్వెస్ట్’ అను ఆటను ఫామికామ్ యంత్రమునకు తయారుచేసిరి. 1990 తరువాత మన పట్టణములలో టి.వి.కి తగిలించి, ‘కాసెట్లు’ పెట్టి పిల్లలు ఆడుకొన్న యంత్రములు చాలవరకు ఈ ఫామికామ్‌కు నకళ్ళే. ఐతే ఆ కాసెట్లలో మనకు అందినవి దుముకుడు ఆటలు, తుపాకి ఆటలు. చదివి ఆడవలసిన ఈ జాతి ఆటలు మన వీధులదాక రాలేదు.

ఫామికామ్ యొక్క పేదరికము ఎంతటిదో గమనింపుడు. లెక్కలు చేసుకొనుటకు అందులోని మెమరీ 2 కిలోబైట్లు మాత్రమే. ‘డ్రాగన్ క్వెస్ట్’ మొత్తము, అనగా పటము, బొమ్మలు, సంగీతము, సంభాషణలు, నియమములు అన్నియు కలిసి, 64 కిలోబైట్లలో ఇమిడినవి. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము దీనికి ఎన్నోరెట్లు పెద్దది. అక్షరములు కూడ బొమ్మలే గనుక వానికిని చోటు కావలెను. అందుచేత కటకానా లిపిలోని అక్షరములలో ఇరువది మాత్రమే ఆటలో ఉంచిరి. భూతముల పేర్లు, మంత్రముల పేర్లు, ఊళ్ళ పేర్లు అన్నిటిని ఆ ఇరువదింటితోనే కూర్చవలసి వచ్చినది. మన కవులు పెదవి తగులని అక్షరములతో నిరోష్ఠ్య కావ్యములు వ్రాసిరి. అది తమ నేర్పు చూపుటకై కోరి పెట్టుకొన్న నియమము. ఇక్కడ నియమము పెట్టినది సిలికాను చిప్పు. ఐనను ఫలితమున పోలిక కలదు. ఆ పేర్లు పొట్టివై, ఒకే శ్రుతిలో పలుకుచు, జపాను పిల్లల నోళ్ళలో నిలిచిపోయినవి.

వీరుని బొమ్మకు ప్రక్కకు తిరిగిన రూపము, వెనుకకు తిరిగిన రూపము గీయుటకు చోటు చాలలేదు. అందువలన జపాను ఆటలో అతడు ఎటు నడచినను మన వైపే చూచుచు పీతవలె ప్రక్కకు జరుగును. ఎవరితోనైన మాటలాడవలెనన్నచో ‘మాటలాడు’ అని ఎంచి, ఆపై తూర్పా, పడమరా, ఉత్తరమా, దక్షిణమా చెప్పవలెను. మెట్లు ఎక్కుటకు కూడ ఒక ఆజ్ఞ ఉండెడిది! ఇవి వట్టి ఇబ్బందులే. వీనిని తీసివేసినందుకు ఎవరును కంట తడి పెట్టనక్కరలేదు. 1989లో అమెరికాకు పంపినపుడే వీరునికి నాలుగు దిక్కుల రూపములు గీసిరి.

మరి ద్వంద్వయుద్ధము మాట? తొలి ‘డ్రాగన్ క్వెస్ట్’లో వీరుడు ఒంటరివాడు, ఎదుట నిలుచు భూతము కూడ ఎప్పుడును ఒక్కటే. ‘విజార్డ్రీ’లో ఆరుగురు వీరుల జట్టు భూతముల గుంపులను ఎదుర్కొనెడిది. దానిని ఒకటికి ఒకటిగా కుదించుటలో చోటు లేమి కొంత, ఇట్టి ఆట ఎరుగని క్రొత్తవారికి నేర్పవలెనను దయ కొంత కలవు. కాని ఆ రెండింటినుండి మూడవది పుట్టినది: ఏకాంతము. ఊరు దాటిన తరువాత తోడు లేదు. ఎదుట ఒకడు, ఇటు నేను. ఇంకొక దెబ్బ తీయుదునా, గాయము మాన్పు మంత్రము చదువుదునా, పారిపోదునా అను లెక్క స్పష్టముగా మన చేతిలో నుండును.

2025 అక్టోబరులో మొదటి రెండు భాగములను తిరిగి నిర్మించి ఒకే సంపుటముగా విడుదల చేసిరి. అందులో తొలి కథయందు వీరుడు ఇప్పటికిని ఒంటరివాడే, కాని భూతములు గుంపులుగా వచ్చును. భీమ జరాసంధుల యుద్ధమునకు బదులు అభిమన్యుని పద్మవ్యూహము వచ్చిపడినదన్నమాట. ఆ గుంపులకు తట్టుకొనుటకై వీరునికి కొత్త విద్యలు నేర్పిరి. నిర్మాతల ఆలోచన నాకు అర్థమగుచున్నది: మొదటి యుద్ధమునుండి చివరి యుద్ధము వరకు ఒకే విధముగా కొట్టుకొనుట నేటివారికి విసుగు పుట్టించును. ఆ విసుగు నిజమే. కాని వారు మార్చినది అలంకారమును కాదు, కట్టడమును. పాత ఆటలో ఓడినవాడు తన లెక్క ఎచ్చట తప్పినదో చెప్పగలడు. కొత్తదానిలో నలుగురు ఒక్కుమ్మడిగా మీద పడగా ఓడినవాడు తన తప్పెంత, అదృష్టమెంత అని తర్కించుకొనవలెను. ఇది చెడ్డ ఆట కాదు. ఆ పేరుగల వేరొక ఆట.

దీనికి ముందు, 2024 నవంబరులో, మూడవ భాగము ఇదే పద్ధతిని పునర్నిర్మింపబడినది. 1988లో వెలువడినపుడు అది 256 కిలోబైట్లు. ఐనను చోటు చాలక ఆట మొదట కనబడు పేరుపలకలోని బొమ్మను, సంగీతమును తీసివేసి, నల్లని తెరపై పేరు మాత్రము వ్రాసి ఊరకున్నారు. కథకు చోటు మిగుల్చుటకై గుమ్మమును కోసివేసిన ఇల్లు! కొత్తదానిలో అట్టి పిసినారితనము కనబడదు. ఈ పద్ధతికి హెచ్‌డి-2డి యని పేరు. 2018 నాటి ‘ఆక్టోపాత్ ట్రావెలర్’ అను ఆటతో ఇది ప్రసిద్ధికెక్కినది. మనుష్యులు పాతకాలపు చుక్కల బొమ్మలు. వారి చుట్టునున్న లోకము మాత్రము మూడు కొలతలు గలది. దగ్గరి వస్తువులను, దూరపు వస్తువులను మసకపరచి నడిమి భాగమును మాత్రము స్పష్టముగా చూపుదురు. కెమెరాతో చిన్న వస్తువును అతి సమీపమునుండి ఫొటో తీసినపుడు ఇట్టి మసక కలుగును గనుక, మన కన్ను ఆ లోకమును బల్లమీద అమర్చిన బొమ్మలకొలువుగా భ్రమించును. చూచుటకు ఎంతో అందము. కాని ప్రపంచమంత తిరిగితినని గర్వపడవలసిన వీరుడు ఒక బొమ్మలకొలువులో తిరిగినట్లుండుట కొంత వింతయే.

అంతకంటె గట్టి అభ్యంతరము వేరొకటి కలదు. పాత ఆటలో తరువాత ఎక్కడికి పోవలెనో తెలియుటకు ఊరివారి మాటలే ఆధారము. ఒక్కొక్కరు ఒకటి రెండు వాక్యములకు మించి చెప్పరు, చెప్పుటకు చోటు లేదు. అందుచేత ప్రతి వాక్యము పొదుపుగా, పనికివచ్చునదిగా ఉండవలసి వచ్చినది. బావివద్ద ముసలివాడు అన్న ముక్కను పట్టుకొని సముద్రము దాటిపోవుటలో ఒక పరిశోధకుని ఆనందము కలదు. 2024 నాటి ఆటలో గమ్యమును పటముమీద గుర్తుపెట్టి చూపు ఏర్పాటు కలదు. గుర్తు కనబడుచుండగా ముసలివానిని పలుకరించువాడెవడు? ఆ గుర్తును ఆపివేయవచ్చుననుట నిజము. ఊరివారి మాటలను దాచుకొని తిరిగి చదువుకొను వీలును కూడ కల్పించిరి. ఇది మెచ్చదగినది, ఏలయన ఇది పాత ఆట కోరిన శ్రమను రద్దు చేయక, దానికి ఒక నోటుపుస్తకము ఇచ్చినది. గుర్తు, నోటుపుస్తకము రెండును సదుపాయములే. ఒకటి ఆటగాని బదులు ఆలోచించును, రెండవది ఆలోచించుటకు తోడ్పడును.

ఇక ‘విజార్డ్రీ’ సంగతి. దీనిని వ్రాసినవారు కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్. నేలమాళిగ పది అంతస్తులు. ఒక్కొక్క అంతస్తు ఇరువది గడులు పొడవు, ఇరువది గడులు వెడల్పు. అనగా మొత్తము 4000 గడులు. తెరపై గోడలు సన్నని గీతలు మాత్రమే. తెలియకుండ మన ముఖమును త్రిప్పివేయు గడులు, మరియొక చోటికి విసరివేయు గడులు అందు కలవు. లెక్కల గళ్ళకాగితముమీద పెన్సిలుతో పటము గీసికొననివాడు బయటపడుట దుర్లభము. జట్టు చనిపోయినచో ఆ సంగతి వెంటనే ఫ్లాపీపై నమోదగును. నమోదుకాక ముందే ఫ్లాపీని లాగివేసినవారును లేకపోలేదు!

డిజిటల్ ఎక్లిప్స్ సంస్థవారు 2024 మే నెలలో దీని పునర్నిర్మాణమును పూర్తిచేసి విడుదల చేసిరి. వారు అవలంబించిన విధానము శాస్త్రదృష్టి గలవారికి ముచ్చట గొల్పును. 1981 నాటి ప్రోగ్రామును పారవేయలేదు. అదియే లోపల నడచుచుండును. గోడలకు రాళ్ళు, భూతములకు మాంసము, దీపములకు వెలుగు దానిపై తొడిగిన తొడుగు. అంతేకాదు, తెరమీద ఒక మూల పాత ఆపిల్-2 తెరను తెరచి చూడవచ్చును. ఇటు రాతిగోడల నడుమ ఒక భూతము కత్తి దూయుచుండగా, అటు అదే క్షణమున అదే భూతము నాలుగు గీతలుగా, ఒక వరుస అక్షరములుగా కనబడును. పాచిక పడునది ఒక్కచోటనే. దీని సంగీతమునకు 2025లో గ్రామీ బహుమానము కూడ వచ్చినది, కాని నా దృష్టిలో దీని గొప్ప ఆ మూలనున్న చిన్న కిటికీలో కలదు. తొడుగు ఏది, ఒడలు ఏది యని అది దాచకుండ చూపుచున్నది. పాత నియమములు కావలెనో, సడలించినవి కావలెనో ఆటగాడే ఎంచుకొనవచ్చును.

‘ఫైనల్ ఫాంటసీ’ ఏడవ భాగము దీనికి రెండవ కొస. 1997లో మూడు సీడీలమీద వచ్చిన కథను మూడు వేర్వేరు ఆటలుగా పెంచదలచి, 2020లో మొదటిదానిని, 2024లో రెండవదానిని విడుదల చేసిరి. పాతదానిలో కొన్ని గంటలలో దాటిపోవు మిడ్‌గార్ నగరమే 2020 నాటి ఆట యంతయు. వంతులవారీ యుద్ధము పోయి పరుగుల యుద్ధము వచ్చినది. కథ దారి తప్పినపుడెల్ల దానిని పాత బాటకు ఈడ్చు ప్రేతములను కూడ కథలో ప్రవేశపెట్టిరి. అనగా కొత్త ఆట తన మూలముతో బాహాటముగా పోట్లాడుచున్నది. దీనిని ప్రతి యనుట తప్పు. లేఖకుడు తాళపత్రమునకు ప్రతి వ్రాయుట వేరు, తిక్కన భారతము వ్రాయుట వేరు. అనుసరణముగా చూచినచో ఇది సాహసముగల రచనయే, సాగతీత చాల ఉన్నను.

ఐతే తిక్కన వ్రాసినందున వ్యాసభారతము మాయము కాలేదు. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువగలుగుచున్నాము కనుకనే తిక్కన ఏమి మార్చెనో, ఏల మార్చెనో చెప్పగలుగుచున్నాము. వీడియో ఆటలకు ఈ భాగ్యము లేదు. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన పాత ఆటలలో 87 శాతము అంగడిలో దొరకుటలేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన పరిశీలన తేల్చినది. అట్టి ఆటలను గ్రంథాలయములు దూరప్రాంత పరిశోధకులకు అందజేయుటకు అనుమతి కోరగా, 2024 అక్టోబరులో ఆ దేశపు కాపీరైటు అధికారులు నిరాకరించిరి. ‘ఫైనల్ ఫాంటసీ’ పాతది కూడ అమ్మకములో నున్నది కనుక దాని సంగతి నయము. తక్కిన పెక్కింటి విషయమున కొత్త తొడుగే మూలమని రేపటివారు అనుకొనవచ్చును. కాదని చూపుటకు సాక్ష్యము ఉండదు. విమర్శకుడు ఎంత నిష్పక్షపాతియైనను, ఒకే ప్రతిని చేతబట్టుకొని పాఠభేదములను నిర్ణయింపలేడు గదా.

ఆ పాత కాసెట్ల ఆయువు కూడ ఒక్కరీతిగా లేదు. 1988 నాటి మూడవ ‘డ్రాగన్ క్వెస్ట్’లో ఆట ఎంతవరకు సాగినదో గుర్తుంచుకొనుటకు కాసెట్టులోపల ఒక చిన్న బ్యాటరీని అమర్చిరి. రసాయనక్రియ ఉడిగి అది చల్లారినచో వీరుని చరిత్ర యంతయు చెరగిపోవును. 1986 నాటి మొదటిదానిలో బ్యాటరీకి ఖర్చు పెట్టలేదు. బదులుగా ఆటను ఆపునపుడు రాజు ఇరువది అక్షరముల మంత్రమొకటి చెప్పును. ఒక్కొక్క అక్షరము అరువదినాలుగింటిలో ఒకటి, అనగా ఆరు బిట్లు; ఇరువదింటికి 120 బిట్లు. వీరుని పేరు, ధనము, అనుభవము, చేతనున్న వస్తువులు, వ్రాతలో పొరపాటు దొరలినచో కనిపెట్టుటకు కొన్ని గుర్తు బిట్లు, అన్నియు అందులోనే. బలము, ఆయువు అందు చేర్చలేదు. అనుభవమునుబట్టి, పేరులోని అక్షరములనుబట్టి యంత్రమే వానిని తిరిగి లెక్కకట్టుకొనును. పిల్లలు దానిని కాగితముమీద వ్రాసికొనెడివారు. ఒక్క అక్షరము తప్పు వ్రాసినచో ఎన్నో దినముల శ్రమ నీటిపాలు. తప్పు లేక వ్రాసిన కాగితము ఏ పాత పెట్టెలోనైన మిగిలియుండి, చెడని కాసెట్టు ఒకటి దొరకినచో, ఆ వీరుడు నాడు నిలిచిన చోటినుండి నేడును బయలుదేరును.