రెండు మీటర్ల ఎత్తుకు ఏ పంపు?

కోనసీమలో ముంపు నీరు తోడటమంటే గట్టు దాటించడమే. ఎత్తు మనిషి నిలువుకు అటూ ఇటూ. నీరు మాత్రం ఎకరాల కొద్దీ. ఈ పనికి పెద్దవాళ్ళ దగ్గర గూడ ఉండేది. ఇద్దరు మనుషులు తాళ్ళు పట్టుకుని ఊపుతూ నీళ్ళు పోసే ఆ గూడ మీటరు ఎత్తు వరకే. నూతిలోంచి తోడాలంటే ఏతం కావాలి. ఎత్తును బట్టి సాధనం మారేది. ఇంజన్లు, మోటార్లు వచ్చాక ఆ పట్టింపు పోయింది. బోదెకీ, రొయ్యల చెరువుకీ, మురుగు కాలువకీ షాపులో దొరికే సెంట్రిఫ్యూగల్ పంపే దిక్కయింది.

దీనికి చెల్లిస్తున్న మూల్యం ఎంతో లెక్క వేయవచ్చు. సెకనుకు 100 లీటర్ల నీటిని 2 మీటర్లు ఎత్తడానికి నీటికి అందాల్సిన శక్తి సుమారు 2 కిలోవాట్లు. పంపు సామర్థ్యం 75 శాతమైతే షాఫ్టుకు 2.6 కిలోవాట్లు చాలు. 40 శాతమైతే 4.9 కావాలి. అంటే డీజిలు దాదాపు రెట్టింపు. పైగా గొట్టాన్ని గట్టు మీద అవసరానికి మించి అర మీటరు ఎత్తులో పెట్టి నీళ్ళు కిందికి దూకిస్తే, ఆ రెండు మీటర్ల పనికి మరో నాలుగో వంతు దండగ. కొండమీది చెరువుకు నీరెక్కించే పంపుకు అర మీటరు లెక్కలోకి రాదు. ఇక్కడ అదే పెద్ద లెక్క.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టినప్పుడు, కారణాలు పరిశీలించడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు మురుగు పోకపోవడం కూడా రైతుల ఫిర్యాదుల్లో ఉంది. పూడిపోయిన డ్రెయిన్ మొగను పంపు తవ్వదు, ఆ పని వేరు. కానీ తోడక తప్పని చోట ఎంత డీజిలు కాలుతుందన్నది మాత్రం పంపు లోపల తిరిగే రెక్క ఆకారం మీద ఆధారపడి ఉంటుంది.

ఆ ఆకారం గీయడం కంప్యూటరు ముందు మొదలు కాదు. రెక్క నీటిని ఎంత తిప్పితే అంత ఎత్తు వస్తుందన్న సూత్రాన్ని ఆయిలర్ 1750లలోనే రాసిపెట్టాడు. తర్వాత వేయాల్సింది స్పెసిఫిక్ స్పీడ్ లెక్క. ప్రవాహం, ఎత్తు, చక్రం తిరిగే వేగం మూడూ కలిపి వేసే ఈ సంఖ్య ఏ జాతి పంపు కావాలో చెప్పేస్తుంది. పైన చెప్పిన పనికి, నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారుతో, అది 270 దాకా వస్తుంది. మామూలు సెంట్రిఫ్యూగల్ పంపుల పరిధి సుమారు 100 లోపు. 150 దాటాక ఓడ ప్రొపెల్లరును పోలిన యాక్సియల్ పంపు రాజ్యం. కేరళలో సముద్రమట్టానికి దిగువనున్న కుట్టనాడు పొలాల్లో చెక్క పెట్టెలో ప్రొపెల్లరు తిరిగే 'పెట్టి-పర' చేసేది ఇదే పని. దాని సామర్థ్యం తక్కువే గానీ జాతి మాత్రం సరైనది.

యాక్సియల్ రెక్క గీయడం తేలిక కాదు. 20 సెంటీమీటర్ల చక్రం 1440 మీద తిరిగితే రెక్క కొస సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతుంది. కేంద్రానికి సగం దూరంలో ఆ వేగం ఏడున్నరే. నీరు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకే వేగంతో ఎదురొస్తుంది. అందుకే రెక్కకు మొదలు నుంచి కొస దాకా మెలిక ఉండాలి. ఎంత మెలిక అన్నదానికి పూర్వం జవాబు పోతపోసి చూడటమే: చెక్క నమూనా, అచ్చు, పోత, పరీక్ష, మళ్ళీ చెక్క నమూనా.

సిమ్యులేషన్ వచ్చాక ఆ చుట్టు తిరుగుడు చాలావరకు తెర మీదే అయిపోతోంది. నీరు పోయే జాగానంతా లక్షల గడులుగా విడగొడతారు. ప్రతి గడిలోకి వచ్చిన నీరు ఎంతో, పోయేదీ అంతే కావాలి. బలాలకు తగ్గట్టు వేగం మారాలి. నావియె 1822లో, స్టోక్స్ 1845లో తేల్చిన సమీకరణాలే ఇవి. వేగాన్నీ పీడనాన్నీ మార్చి మార్చి దిద్దుకుంటూ పరిష్కరించే పద్ధతిని పుణెలో పుట్టిన సుహాస్ పటాంకర్, స్పాల్డింగుతో కలిసి 1972లో ప్రచురించాడు. నేటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఆధారం అదే. రెక్కలన్నీ ఒకే తీరువి కాబట్టి ముందు ఒక్క సందును లెక్కించి మిగతావీ అంతే అనుకోవచ్చు. రెక్క గోడను ఆనుకున్న గడులు మాత్రం బాగా సన్నగా ఉండాలి, ఎందుకంటే నష్టం ఎక్కువగా పుట్టేది అక్కడే. కొసకూ గొట్టానికీ మధ్య సందులోంచి వెనక్కి జారే నీటినీ వదిలేయకూడదు. అంతా అయ్యాక గడులు రెట్టింపు చేసి మళ్ళీ నడపాలి, జవాబు కదలకూడదు. రంగురంగుల బొమ్మలు చూసి మురిసిపోయేవాళ్ళు ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ పరీక్షనే.

పోత పోశాక కూడా కంటికి కనబడని దాన్ని ఈ లెక్క ముందే చూపిస్తుంది. రెక్క వీపున పీడనం బాగా పడిపోతే 30 డిగ్రీల నీరు కూడా అక్కడికక్కడే మరుగుతుంది. దానికి పీడనం వాతావరణ పీడనంలో 4 శాతానికి దిగితే చాలు. పుట్టిన బుడగలు ముందుకెళ్ళి పగిలినప్పుడల్లా లోహం గుంటలు పడుతుంది. కావిటేషన్ అనే ఈ రోగం ఏ రెక్కకు, ఏ మూల, ఎంత నీటి లోతులో వస్తుందో అచ్చు చెక్కకముందే తెలిసిపోతుంది.

మోటారుకూ ఇదే కథ, నీటి బదులు అయస్కాంత క్షేత్రం. ఇనుప రేకుల (స్టాంపింగుల) పళ్ళనూ, రోటరు చుట్టూ ఉండే గాలి సందునూ గడులుగా విడగొట్టి ఇనుము ఎక్కడ వేడెక్కుతుందో చూస్తారు. ఇండక్షన్ మోటారు టార్క్ వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. లైను చివర వోల్టేజి 80 శాతానికి దిగితే టార్క్ 64 శాతమే. రాత్రంతా ఏరేటర్లు తిరిగే రొయ్యల చెరువుల ఊళ్ళకు మోటారు గీయాలంటే ఆ 80 శాతం దగ్గర కూడా నడిపి చూడాలి. యాక్సియల్ పంపుతో మరో జాగ్రత్త ఉంది. వాల్వు మూసి నడిపితే దాని లోడు తగ్గదు, పెరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ అలవాటున్న చేయి ముందుగా కాల్చేది మోటారునే.

పెద్ద పథకాలకు ఈ శ్రద్ధ కొత్త కాదు. పట్టిసీమలో 24 పంపులు, ఒక్కోటి సుమారు 354 క్యూసెక్కులు. పోలవరంలో కరెంటు తీయడానికి 80 మెగావాట్ల చొప్పున 12 కప్లాన్ టర్బైన్ యూనిట్లు. తక్కువ ఎత్తు, విస్తారమైన నీరు అయిన చోట, నీటిమట్టం మారినప్పుడల్లా రెక్కల కోణం కూడా మార్చుకునే కప్లానే సరి. ఇంత పెద్ద యంత్రాలను ఆ చోటి నీటికే గీయించుకుంటారు. అమలాపురం చేలో తిరిగే పంపును ఎవరు గీయిస్తారు? నా దృష్టిలో సిమ్యులేషన్ అసలు విలువ ఈ ప్రశ్న దగ్గరే. 2004 నుంచి ఓపెన్‌ఫోమ్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతోంది. కాకినాడలోనో ఓడలరేవులోనో ఇంజనీరింగ్ విద్యార్థులు మామూలు కంప్యూటరు మీద ఒక రెక్క సందును లెక్కించగలరు.

సాఫ్ట్‌వేరుకు గుర్రపుడెక్క తెలియదు. దాని లెక్కలో నీరు ఎప్పుడూ శుభ్రమే. మన డ్రెయిన్లలో రెక్క సన్నగా ఉంటే గడ్డి చుట్టుకుంటుంది. మందం పెంచి, అంచు వెనక్కి వాలిస్తే రెండు మూడు శాతం సామర్థ్యం పోయినా పంపు ఆగదు. ఆ బేరం నాకు ఇష్టమే. ఇక ఉప్పు సంగతి. శంకరగుప్తం డ్రెయిన్‌లోకి పోటు వేళ ఎక్కే సముద్రపు నీరు రాజోలు వైపు కొబ్బరి చెట్ల తలలు వాల్చింది. అలాంటి నీటిలో పోత ఇనుప రెక్క ఎన్నాళ్ళు ఉంటుంది? కంచు రెక్క ఖరీదు కూడా డిజైనులో భాగమే.

అన్నిటికంటే ముందు కావలసింది ఎత్తు. బంగాళాఖాతంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. డ్రెయిన్ మట్టం వాటితో లేస్తూ పడుతూ ఉంటుంది కాబట్టి ఒక్క 2 మీటర్ల దగ్గర గీసిన రెక్క సరిపోదు, మీటరు నుంచి మూడు మీటర్ల దాకా ప్రతి అర మీటరుకీ నడపాలి. ఏ ఎత్తు ఎన్ని గంటలు ఉంటుందో తెలిస్తేనే ఏ బిందువు దగ్గర సామర్థ్యం పెంచాలో తేలుతుంది. అందుకు సూపర్ కంప్యూటరు అక్కర్లేదు. తూము దగ్గర సెంటీమీటర్ల గీతలు గీసిన కర్ర ఒకటి, గట్టుకు లోపల మరొకటి, సార్వా పొడుగునా గంటగంటకూ రెండు అంకెలు రాసుకునే మనిషి ఉంటే చాలు.