పాలు చూసి కాదు, పువ్వు చూసి

ఉత్తర అమెరికాలోని ఎండు పచ్చికబయళ్లలో వేసవి రాగానే నారింజరంగు గుత్తులతో పూసే మొక్క ఆస్‌క్లెపియస్ ట్యూబరోసా. మిల్క్‌వీడ్ ప్రజాతికి చెందినది, మన జిల్లేడుకు చుట్టం. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఎక్కువగా ఈ ప్రజాతి మొక్కల మీదే బతుకుతాయి కాబట్టి దీన్ని సరిగ్గా గుర్తుపట్టడం చాలా అవసరం. చాలామంది ముందుగా ఆకు తుంచి పాలు కారుతున్నాయా అని చూస్తారు. ఆ పరీక్ష రెండు వైపులా దారి తప్పిస్తుంది. ట్యూబరోసా ఆకు తుంచితే వచ్చేది నీళ్లలాంటి రసమే. ఆ బయళ్లలోనే పెరిగే డాగ్‌బేన్‌కు తెల్లటి పాలు కారతాయి, కానీ అది మిల్క్‌వీడ్ కాదు. మన చేల గట్ల మీది రెడ్డివారి నానబాలు తుంచినా పాలొస్తాయి. అంతమాత్రాన అది జిల్లేడు కుటుంబంలో చేరదు.

నమ్మదగిన ఆనవాలు పువ్వు నిర్మాణమే. గుత్తిలోంచి ఒక్క పువ్వును దగ్గరగా చూడండి. ఐదు రేకులు కాడవైపు వాలిపోయి ఉంటాయి. వాటి పైన ఐదు దొప్పలు కిరీటంలా నిలబడతాయి, ఒక్కో దొప్పలోంచి సన్నని కొమ్ము మధ్యకు వంగుతుంది. దొప్పల నడుమ చీలికలో తేనెటీగ కాలు ఇరుక్కుంటే, జంటగా అతుక్కున్న రెండు పుప్పొడి ముద్దలు కాలికి తగులుకుని బయటికొస్తాయి. జిల్లేడు పువ్వులోనూ కిరీటం, పుప్పొడి ముద్దలు ఉంటాయి. చిన్న గంటలాంటి డాగ్‌బేన్ పువ్వులో ఆ దొప్పలు కనబడవు. కొన్ని మిల్క్‌వీడ్‌లకు కొమ్ములుండవు కనుక ముందు దొప్పలనే చూడాలి.

పువ్వు ప్రజాతిని చెబుతుంది గానీ జాతిని చెప్పదు కదా అనవచ్చు. నిజమే. నర్సరీల్లో దొరికే ఆస్‌క్లెపియస్ కురసావికా పువ్వుకూ ఇదే నిర్మాణం. అక్కడ ఆకులూ రసమూ సాయం వస్తాయి. కురసావికా ఆకులు ఎదురెదురుగా, నున్నగా ఉంటాయి, తుంచితే పాలొస్తాయి. ట్యూబరోసా ఆకులు ఒకదాని తర్వాత ఒకటిగా, నూగుతో ఉంటాయి. అంటే రసం చివరి సాక్ష్యంగా పనికొస్తుంది, మొదటి తీర్పుగా కాదు. పురుగు రెండింటినీ తింటుంది కదా, ఇంత పట్టింపెందుకు అనే వాదనకూ జవాబుంది. టెక్సస్ దక్షిణాన, ఫ్లోరిడాలో చలికాలం పెద్దగా మంచు పడదు, కురసావికా ఎండిపోదు. ఏడాది పొడవునా నిలిచిన ఆకుల మీద మోనార్క్‌కు హాని చేసే ఓఈ అనే పరాన్నజీవి పోగుపడుతుంది. స్థానిక మిల్క్‌వీడ్‌లు చలికాలానికి నేలమట్టంగా వాడి, వసంతంలో కొత్తగా చిగురిస్తాయి. ఫోన్‌లో యాప్ చెప్పే పేరు వెతుకులాటకు మొదలుగా మంచిదే. కానీ పెరట్లో నాటేముందు దొప్పలూ ఆకుల అమరికా కళ్లారా చూసుకోవాలి. టెక్సస్‌లో సీతాకోకచిలుకల కోసం మొక్కలు పెంచే తెలుగు కుటుంబాలకు నా విన్నపం ఇదే: మోనార్క్ మీద ప్రేమ ఉంటే, ఆ ప్రేమ ముందు ఏ మొక్క కొంటున్నామో తెలుసుకోవడంలో కనిపించాలి.