కావ్యమును చదువుటయా, కవిని చదువుటయా?

కావ్యనాటకములను చదువువారు మన యిండ్లలో నానాటికి హెచ్చవలయునని కోరువారిలో మేమును ఒకరము. కాని యెట్లు చదువవలయునను ప్రశ్నకు మాత్రము తృప్తికరమైన సమాధాన మింకను మనకు కుదరలేదు. కవి యెప్పుడు పుట్టెను, ఎవరి యాశ్రయమున నుండెను, ఏ బిరుదములను వడసెను అను విషయములను తెలిసికొనుటయే సాహిత్యవిద్య యని కొందరు తలచుచున్నారు. కావ్యము చేతనుండగా కవితో మనకేమి పని యని మరికొందరు వాదించుచున్నారు. ఈ రెండు త్రోవలలోను కొంత మేలును కొంత కీడును గలవు. వీనిని గూర్చి మాకు తోచిన నాలుగు మాటలను, ఒక యుదాహరణమును చేతబట్టి, చదువరుల యెదుట బెట్టుచున్నాము.

మన పూర్వులు కవిని గూర్చి విశేషముగా విచారించినవారు కారు. కాళిదాసుని గూర్చి కథలు పెక్కు గలవు. నిశ్చయమైన వృత్తాంతము మిక్కిలి తక్కువ. భవభూతి తన వంశమును ప్రస్తావనలో చెప్పుకొనినందున ఆపాటియైనను మనకు తెలియవచ్చినది. ఆలంకారికులు రసమును, ధ్వనిని, గుణదోషములను చర్చించిరే కాని కవి యింటి తలుపు తట్టలేదు. ఆంగ్లమున జాన్సను పండితుడు 1779 మొదలు 1781 వఱకు కవుల జీవితములను ప్రకటించి, కృతిని కర్తతో గూర్చి చూచు పద్ధతికి గొప్ప ప్రచారము గలిగించెను. మనలోను గురజాడ శ్రీరామమూర్తిగారు కవిజీవితములను, కందుకూరి వీరేశలింగముగారు ఆంధ్రకవుల చరిత్రమును రచించి మహోపకారము చేసిరి. కాని వారు దీపముగా నిచ్చినదానిని మనము పాఠశాలలలో గోడగా నిలిపితిమేమో యని మాకు సందేహము.

ఒకప్పుడు మా తరగతిలో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును గూర్చి పరీక్ష పెట్టితిమి. ఒక విద్యార్థి కవి జన్మసంవత్సరము 1862 అనియు, నిర్యాణము 1915 అనియు, నాటకము విజయనగరమున 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడెననియు తప్పులేక వ్రాసెను. వెంకమ్మ నూతిలో నేల దుమికెనను ప్రశ్నకు మాత్రము ‘కోపముచేత’ అని యొక్క మాటతో ముగించెను. తప్పు బాలునిది కాదు. సంవత్సరములను మేము నల్లబల్లపై వ్రాసితిమి. ఆ తల్లి దుఃఖమును వ్రాయలేదు.

ఆమె కోపముచేత దుమికినది కాదు. పెద్దకూతురు బుచ్చమ్మ యదివఱకే అట్టి పెండ్లికి ఫలముగా వైధవ్య మనుభవించుచు నింట నున్నది. ఇప్పుడు చిన్నపిల్ల సుబ్బిని వృద్ధుడగు లుబ్ధావధాన్ల కమ్ముటకు భర్త నిశ్చయించెను. అగ్నిహోత్రావధాన్ల నోటికి ఎదురు చెప్పగల శక్తి ఆ యింట నెవ్వరికిని లేదు. మాట చెల్లని యిల్లాలికి అడ్డుగా నిలుపుటకు మిగిలినది తన ప్రాణ మొక్కటియే. చుట్టును నవ్వు పుట్టించు రంగములుండగా వాని నడుమ నీ నూయి యున్నదని గ్రహించినవాడే ఆ నాటకమును చదివినవాడు. దీనికి కవిచరిత్రము అక్కఱలేదు. కన్నులు తెఱచి చదివిన చాలును. కావున మొట్టమొదట కావ్యమునే చదువవలయునని మా మతము.

అయితే కవిని విడిచిపెట్టినచో నష్టమేమియు లేదా? కలదు. తన నాటకమునకు వ్రాసిన ఆంగ్లపీఠికలో అప్పారావుగారు ఒక లెక్కను తెలిపిరి. ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణ మండలమున మూడు సంవత్సరములలో బ్రాహ్మణులలో జరిగిన శుల్కవివాహముల పట్టిక నొకదానిని సిద్ధము చేయించిరి. అందు 1034 వివాహములు నమోదైనవి. ఏటికి సగటున 344. ఈ సంఖ్యను తెలిసికొనిన పిమ్మట సుబ్బి యొక్కతె గాక, ఆమె వెనుక వేయిమంది పసిపిల్లలు నిలిచినట్లు కనబడును. జనులలో చదువు అలవాటు వ్యాపింపనంతకాలము సంస్కారమునకు రంగస్థలమే తగిన సాధనమని ఆయన తలచెననియు ఆ పీఠికవలననే తెలియును. ఆయన నాటకమునే యేల యెన్నుకొనెను, పామరులకు గూడ తెలియు వాడుకభాష నేల గైకొనెను అను ప్రశ్నలకు సమాధానమిచ్చట దొరకుచున్నది.

గిరీశమును దీసికొందము. వితంతువివాహమును గూర్చి ఉపన్యాసములిచ్చును, ఇంగ్లీషు మాటలతో పల్లెటూరివారిని బెదరించును, చేయునది స్వార్థము. కవిని కేవలము సంస్కారపక్షపాతిగా నెంచువారికి ఈ పాత్ర చిక్కు తెచ్చిపెట్టును. సంస్కర్త సంస్కారపు మాటలను వంచకుని నోట నేల పెట్టెను? అప్పారావుగారు చిన్నతనమున నింగ్లీషున పద్యములు వ్రాసినవారు. విజయనగరము కళాశాలలో బోధించినవారు. కొత్తచదువు లోపలనుండియే దాని డొల్లతనమును చూచినవారు గనుక, ఆ నవ్వులో పరాయివాని యెకసక్కెము లేదు, తన వర్గమును తానే పరీక్షించుకొను నిజాయితీ కలదు. ఇట్లు కవిజీవిత మొక పాత్రపై వెలుగు ప్రసరింపజేయును. కాని సౌజన్యారావు పంతులే కవి యని యొకరును, మఱియొక పాత్రయే కవి యని యొకరును వేలు చూపుట మాత్రము కూడదు. నాటకకర్త అన్ని పాత్రలలోను కొంచెము కొంచెముగా నుండును. ఏ యొక్క పాత్రలోను పట్టువడడు.

కవిని చదువుటకు జీవితచరిత్రమొక్కటియే మార్గము గాదు. అతడు తన కృతిని దిద్దిన తీరును గమనించుట అంతకంటె మేలైనది. 1897 నాటి ప్రతితో తృప్తిపడక అప్పారావుగారు నాటకమును మిగుల పెంచి, మార్చి, 1909లో మరల ప్రకటించిరి. అందు మధురవాణి పాత్ర యెంతయో విస్తరించినది. వేశ్యల మొగము చూడనని వ్రతము పట్టిన సౌజన్యారావు పంతులు తుదకు ఆమె సాయముననే సత్యమును తెలిసికొనుట యందలి విశేషము. సంఘమును దిద్దబూనిన పెద్దమనిషికి గూడ దిద్దుబాటు అవసరమని ఈ ఘట్టము చెప్పుచున్నది. ఇది పన్నెండేండ్ల యాలోచనకు ఫలము. రెండు ప్రతులను ప్రక్కప్రక్కను పెట్టి చూచువానికి, కవి మనస్సు పెరిగిన జాడ యే చరిత్రకారుడును చెప్పనక్కఱ లేకయే కానవచ్చును.

ఇదే కవి యిదే విషయమును పూర్ణమ్మ కథగా గేయమున జెప్పెను. అందు గిరీశము లేడు, నవ్వు లేదు, న్యాయవాదియు లేడు. ధనమునకై ముసలివాని కీయబడిన బాలిక అత్తవారింటికి బోవలసిన దినమున తనవారికి సెలవు చెప్పుకొని, తన పేరు నెవరైన నొక బిడ్డకు పెట్టుకొనుడని యన్నదమ్ములను వేడి, దుర్గను జేరబోవును. నాటకమున తల్లిని నూతినుండి వెలికిదీసిన కవి గేయమున బిడ్డను వెనుకకు తేలేదు. సంఘమును సభలో నిలబెట్టి నవ్వించుచు తప్పొప్పించుట నాటకముయొక్క పని. ఒక్క హృదయమును ఒంటరిగా గూర్చుండబెట్టి కంటతడి పెట్టించుట గేయముయొక్క పని. మమ్మటుడు కావ్యోపదేశమును కాంతాసమ్మిత మనెను. ఆ మాటకు పూర్ణమ్మకంటె చక్కని నిదర్శనము మాకు తోచుటలేదు.

‘కన్యాశుల్కపు టాచారమే పోయినది గదా, ఇంక నీ గ్రంథమేల?’ యని యడుగువారు కలరు. శారదాచట్టము 1929లో వచ్చినది. బాల్యవివాహములను నిషేధించు కొత్త చట్టము 2006లో వచ్చినది. వరకట్నమును నిషేధించు చట్టము 1961లోనే వచ్చినను, పెండ్లిచూపులలో ఆ మాట యెత్తని యిండ్లెన్నియో చదువరులే యెఱుగుదురు. నాడు పిల్లకు వెల గట్టిరి. నేడు పిల్లవానికి గట్టుచున్నారు. అమ్మువాడును కొనువాడును స్థానములు మార్చుకొనిరే కాని అంగడి మూతపడలేదు. కవి కాలమును తెలిసికొనినవానికే ఈ పోలిక స్ఫురించును. కావ్యమును హృదయమున నిలుపుకొనినవానికే అది ముల్లువలె గ్రుచ్చుకొనును.

వాడుకభాషను మెచ్చుకొనుచు గ్రాంథికమున వ్రాయుచున్నారేమని మమ్మును పరిహసింపవచ్చును. పరిహాసము న్యాయమే, అలవాటు బలవంతము. కాని యా నాటకమును ఇంట బిగ్గరగా చదువునపుడు ముసలి తల్లియు, పసిబిడ్డయు, వంటయింటినుండి కోడలును ఒక్కమాఱే చెవియొగ్గుట మేము చూచియున్నాము. మా వ్యాసములకు అట్టి భాగ్యము పట్టలేదు.

కావున మా మనవి యిది. మొదట కావ్యమును చదువుడు. నవ్వు వచ్చిన చోట నవ్వుడు, నొప్పి కలిగిన చోట ఆగుడు. పిమ్మట కవి యెవరో, ఏ కాలమున దేనితో పెనగులాడెనో తెలిసికొనుడు. ఆ తెలిసినదానితో మరల కావ్యమునకు రండు. ఈ మూడవ మజిలీని మానినచో మొదటి రెండును వ్యర్థములు. మా తరగతిలో నిప్పుడు తొలి ప్రశ్న కవి జన్మసంవత్సరము కాదు. వెంకమ్మ నూతిలో నేల దుమికెననునదియే.