బంగారు షిల్లింగులు, ఇసుక హద్దులు

1933 మే 29న జెడ్డాలో ఇద్దరు ఒక పత్రం మీద సంతకాలు చేశారు. ఒకరు సౌదీ అరేబియా ఆర్థికమంత్రి అబ్దుల్లా సులేమాన్. రెండోవారు స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ఆఫ్ కాలిఫోర్నియా తరఫున వచ్చిన లాయర్ లాయిడ్ హామిల్టన్. తూర్పు అరేబియాలో 60 ఏళ్లపాటు చమురు వెతికి, తవ్వి, ఎగుమతి చేసుకునే హక్కును రాజు అబ్దుల్ అజీజ్ ఆ కంపెనీకి రాసిచ్చిన పత్రమది. ఆ తర్వాత అక్కడ పారిన చమురు గురించీ, పోగైన సంపద గురించీ రాసినవాళ్లు కొల్లలు. నన్ను పట్టి నిలిపేది ఆ పత్రమే. అందులో 37 అధికరణలున్నాయి. నేల కింద చమురు ఉందో లేదో ఇరుపక్షాలకూ తెలియదు. రాజ్యానికి కొన్ని వైపుల హద్దులు ఇంకా తేలలేదు. డబ్బు విలువకే నిలకడ లేదు. అన్నీ తెలియనివే అయినప్పుడు తెలిసిన కొలతల్లో ఎలా మాట్లాడాలో ఆ పత్రం చూపిస్తుంది.

రాజుకు అంతకుముందే ఒక చేదు అనుభవం ఉంది. 1923లో ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజిలాండ్ వ్యాపారి ఒక లండన్ సంస్థ తరఫున వచ్చి, అల్ హసా ప్రాంతం హక్కులు తీసుకున్నాడు. ఏటా 2,000 పౌన్ల కౌలు అన్నారు. రెండేళ్లు కట్టి ఆపేశారు. ఒక్క బావీ తవ్వలేదు. 1928లో ఆ హక్కు రద్దయింది. కౌలు ఒక్కటే పెడితే కంపెనీ నేల మీద హక్కు పట్టుకుని ఊరికే కూర్చుంటుందన్న పాఠం అప్పుడే దక్కింది. 1933 పత్రంలో సగం నిబంధనలు ఆ పాఠం నుంచే పుట్టాయని నా నమ్మకం.

ఖజానాకు అప్పట్లో ప్రధాన ఆదాయం హజ్ యాత్ర. ప్రపంచ మాంద్యంతో యాత్రికుల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. హైదరాబాద్ సంస్థానం నుంచి బొంబాయి మీదుగా ఓడ ఎక్కే యాత్రికులూ ఆ ఆదాయంలో భాగమే. ఇంతలో 1932లో, పాతిక కిలోమీటర్ల సముద్రానికి అవతల ఉన్న బహ్రెయిన్‌లో ఇదే కాలిఫోర్నియా కంపెనీకి చమురు పడింది. అక్కడి కొండ మీద నిలబడితే అరేబియా ఒడ్డున దమ్మామ్ గుట్టలు కనిపిస్తాయి.

1933 ఫిబ్రవరిలో హామిల్టన్ జెడ్డా చేరాడు. వెంట కార్ల్ ట్విచెల్ ఉన్నాడు. అంతకుముందు నీటి జాడల కోసం ఈ దేశమంతా తిరిగిన అమెరికన్ గనుల ఇంజనీరు. కొద్ది వారాలకే ఇరాక్ పెట్రోలియం కంపెనీ తరఫున స్టీఫెన్ లాంగ్రిగ్ దిగాడు. రాజుకు సన్నిహితుడైన ఇంగ్లీషువాడు ఫిల్బీ కాలిఫోర్నియా కంపెనీ దగ్గర జీతం పుచ్చుకుంటూ నడిమధ్య ఉన్నాడు. బేరం నడిపించినవాడు మాత్రం సులేమానే. యువకుడిగా బొంబాయిలో ఒక అరబ్ వర్తకుడి దగ్గర పనిచేసి లెక్కలు నేర్చిన మనిషి. హామిల్టన్, లాంగ్రిగ్ ఇద్దరినీ ఒకే ఊళ్లో ఉంచి, ఒకరి రాక రెండోవారికి తెలిసేలా చూసుకుంటూ, లక్ష బంగారు పౌన్లు అడిగి బేరం మొదలుపెట్టాడు. లాంగ్రిగ్ కంపెనీకి ఇరాక్‌లోనే కావలసినంత చమురుంది. అరేబియాలోకి వేరేవాళ్లు రాకుండా చూడటమే వాళ్ల పని. అందుకే వాళ్లు చెప్పిన మొత్తం చిన్నది, అదీ భారత రూపాయల్లో.

ఇక్కడే సులేమాన్ పట్టు అర్థమవుతుంది. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ బంగారు ప్రమాణం వదిలేసింది. రూపాయి పౌనుకే ముడిపడి ఉంది కాబట్టి, అదీ పౌనుతో పాటు జారింది. 1933 ఏప్రిల్‌లో, అంటే బేరం మధ్యలోనే, అమెరికా కూడా బంగారం ఎగుమతిని ఆపేసింది. కాగితపు డబ్బు ఏదైనా రేపటికి ఎంతవుతుందో చెప్పలేని రోజులు. ఒప్పందంలోని ప్రధాన చెల్లింపుల పక్కన 'బంగారం' అన్న ఒక్క మాట కనిపిస్తుంది. 60 ఏళ్ల లెక్కకు అదే గట్టి మేకు.

చెల్లింపుల అమరిక చూడండి. మొదట 30,000 బంగారు పౌన్ల అప్పు. దానితో పాటు మొదటి ఏడాది కౌలు 5,000. ఒప్పందం అప్పటికి నిలిచి ఉంటే 18 నెలలకు మరో 20,000 అప్పు. చమురు పడేదాకా ఏటా 5,000 కౌలు. పేరుకు అప్పే గానీ, ప్రభుత్వం దాన్ని తిరిగి కట్టనక్కర్లేదు. తర్వాత రాయల్టీ మొదలైతే, అందులో సగం మించకుండా కంపెనీ మినహాయించుకోవచ్చు. చమురు పడకపోతే ఆ అప్పు కంపెనీ నష్టం. పడితే అప్పు తీరుతూనే ఖజానాకు మిగతా సగం వస్తూ ఉంటుంది. ఒకే వాక్యంలో రెండు భవిష్యత్తులకూ ఏర్పాటు చేసి పెట్టారు.

రాయల్టీ టన్నుకు నాలుగు బంగారు షిల్లింగులు. నీరు, మట్టి వంటివి తీసేసి, కంపెనీ తన పనులకు వాడుకున్న చమురూ మినహాయించి, మిగిలిన నికర చమురు మీద లెక్క. పౌనుకు 20 షిల్లింగులు కాబట్టి ఐదు టన్నుల చమురుకు ఒక బంగారు పౌను. ఆ పౌను బరువు మన కంసాలులు కాసు అని లెక్కగట్టే ఎనిమిది గ్రాములకు ఇంచుమించు సమానం. లాభంలో వాటా అని రాసి ఉంటే కంపెనీ ఖాతా పుస్తకాలు తెరిచి చూడాలి. బరువు మీద రాశారు కాబట్టి కొలత తప్పకుండా చూసుకుంటే చాలు. అప్పటి సౌదీ ప్రభుత్వంలో ఉన్న కొద్దిమంది గుమాస్తాలకు అందుబాటులో ఉన్న తనిఖీ అది.

వాణిజ్య పరిమాణంలో చమురు దొరికిన రోజున 50,000 బంగారు పౌన్లు, మరో ఏడాదికి ఇంకో 50,000 ముందస్తు రాయల్టీగా ఇవ్వాలి. అయితే వాణిజ్య పరిమాణమంటే ఎంత? అక్కడ మాట మిగిల్తే తగువు మిగిల్తుంది. మంచి చమురు క్షేత్రాల్లో పాటించే పద్ధతిలో వరుసగా 30 రోజులు, రోజుకు కనీసం 2,000 టన్నులు ఇవ్వగల బావి లేదా బావులు అని నిర్వచనం రాశారు. ఈ అంకెను రాయల్టీతో గుణించి చూస్తే నాకు ముచ్చటేసింది. రోజుకు 2,000 టన్నులంటే 400 పౌన్లు. 125 రోజులకు 50,000. కనీస స్థాయిలో పారినా నాలుగు నెలలు దాటేసరికి మొదటి ముందస్తు సొమ్ముకు సరిపడా చమురు బయటికొస్తుంది. ఒక అధికరణలోని అంకె ఇంకో అధికరణలోని అంకెకు కూసంలా బిగుసుకుంది.

'లేదా బావులు' అన్న రెండు మాటల విలువ ఐదేళ్ల తర్వాత తెలిసింది. 1938 మార్చిలో దమ్మామ్ 7వ బావి 1,400 మీటర్లు దాటిన లోతులో పొంగింది. మొదట రోజుకు 1,500 పైచిలుకు పీపాలు. 2,000 టన్నులంటే దాదాపు 15,000 పీపాలు. అంటే తొలి పొంగు ఆ మెట్టుకు చాలా కింద ఉంది. కొలత పూర్తయి వాణిజ్య పరిమాణమని ప్రకటించేసరికి అక్టోబర్ వచ్చింది. తొలి పొంగుకే డబ్బు ఇవ్వాల్సి వచ్చే ఇబ్బంది కంపెనీకి రాలేదు. ఒక్క బావి చాలదని నెపం చెప్పే వీలూ లేకపోయింది.

కంపెనీని కదిలించేవి కాలానికి సంబంధించిన నిబంధనలు. భూగర్భ పరిశీలన 1933 సెప్టెంబర్ ఆఖరుకల్లా మొదలవ్వాలి. ఆ తేదీ నుంచి మూడేళ్లలో డ్రిల్లింగ్ మొదలుకాకపోతే ఒప్పందాన్ని రద్దు చేసే హక్కు రాజుకుంది. డ్రిల్లింగ్ మొదలయ్యాక, పనికిరావని తేల్చుకున్న భాగాలను కంపెనీ వదిలేస్తూ పోవాలి. హోమ్స్ హయాంలో లేనివి సరిగ్గా ఇవే. కంపెనీ మాత్రం 30 రోజుల నోటీసు ఇచ్చి ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ఎడారిలో డబ్బు పోసేవాడికి ఆ తలుపు తెరిచి ఉంచకపోతే అసలు లోపలికే రాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రెండో అధికరణ, అంటే చెక్కుబందీ. పొలం దస్తావేజులో చెట్టో గట్టో హద్దుగా రాసుకోవచ్చు. ఇక్కడ అవేమీ లేవు. తూర్పున రాజ్యపు సరిహద్దు, తీరజలాలు, ద్వీపాలతో సహా. పడమటన దహ్నా ఇసుక మేట పశ్చిమపు అంచు. ఉత్తరాన, దక్షిణాన రాజ్యపు సరిహద్దులే. ఇసుక మేట అంతటా పోదు కాబట్టి, దాని ఉత్తరపు కొస నుంచి ఉత్తరానికి 30 డిగ్రీలు పడమరగా, దక్షిణపు కొస నుంచి దక్షిణానికి 30 డిగ్రీలు తూర్పుగా, తిన్నటి గీతలు సరిహద్దు తగిలేదాకా గీశారు. నేల చెప్పగలిగినంత నేలతో చెప్పించి, అది ఆగిన చోట దిక్సూచి అందుకున్నారు. ఆ గీతలు చేరాల్సిన దక్షిణపు సరిహద్దు ఎక్కడో అప్పటికి ఎవరూ తేల్చలేదు. బురైమీ ఒయాసిస్సు ఎవరిదన్న సరిహద్దు తగాదా ఆ తర్వాత ఆ ఖాళీలోంచే వచ్చింది.

చిన్న నిబంధనల్లోనూ శ్రద్ధ కనిపిస్తుంది. కంపెనీ నీళ్లు వాడుకోవచ్చు గానీ సాగుకూ, ఇళ్లకూ, పశువులు తాగే తావులకూ కొరత రాకూడదు. శుద్ధి కర్మాగారం వచ్చాక ప్రభుత్వానికి ఏటా 2 లక్షల అమెరికన్ గ్యాలన్ల పెట్రోలు, లక్ష గ్యాలన్ల కిరోసిన్ ఉచితం. దేశంలో చమురు అమ్మే గుత్తాధిపత్యం కంపెనీకి లేదు. పాలనలో, రాజకీయాల్లో, మత వ్యవహారాల్లో వేలు పెట్టే హక్కు అసలే లేదు. తగువు వస్తే చెరో మధ్యవర్తి, వాళ్లకు పొసగకపోతే ఇంకో తీర్పరి. స్థలం కుదరకపోతే హేగ్.

సంతకమైన పత్రానికి మొదటి పరీక్ష బంగారమే. ఎగుమతికి అమెరికా ఖజానా శాఖ ఒప్పుకోలేదు. కంపెనీ లండన్‌లో 35,000 పౌను నాణేలు కొని ఓడలో పంపింది. దాదాపు 280 కిలోలు. ఆగస్టు 25న జెడ్డాలోని డచ్చి బ్యాంకు బల్ల మీద ట్విచెల్ ఎదుట ఒక్కొక్కటీ లెక్కపెట్టి అప్పజెప్పారు. సెప్టెంబర్ 23న ఇద్దరు భూగర్భ శాస్త్రవేత్తలు జుబైల్ ఒడ్డున దిగారు. గడువుకు ఇంకా వారం ఉంది.

రాజు వైపు నుంచి చూస్తే పెద్ద లోటు ఒకటుంది. టన్నుకు నాలుగు షిల్లింగులని 60 ఏళ్లకు కట్టేశారు. బంగారం విలువ నిలిచింది గానీ చమురు ధర పెరిగితే ఆ పెరుగుదలలో ఖజానాకు వాటా లేదు. ఉందో లేదో తెలియని చమురుకు ధరలో వాటా ఆ పత్రంలో రాసుకోలేదు. దాన్ని సరిచేయడానికి 1950 డిసెంబర్ 30 దాకా పట్టింది. అప్పటికి ఆ హక్కులు చేతిలో ఉన్న అరామ్‌కో సంస్థ ఆ రోజు లాభాల్లో సగం ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ మార్పునూ కొత్త హక్కుల పత్రంగా రాసుకోలేదు. 1933 పత్రాన్ని అలాగే ఉంచి, దానికి అనుబంధంగా చేర్చారు.